నాయకుడు లేని దండు

గులాబీ గోరింకల సాయంకాలపు విన్యాసం వెనుక పొరుగు సూత్రం.. ఒంటరి జొన్న చేనుకూ అందులో పాఠం

శీతకాలపు సాయంత్రం చెరువు గట్టున నిలబడిన వారికి పడమటి ఆకాశంలో తొలుత ఒక పల్చని మసక కనిపిస్తుంది. పొగ అనుకునేలోపే అది దగ్గరవుతుంది. చూస్తుండగానే మరో దిక్కు నుంచి ఇంకో గుంపు వచ్చి అందులో కలుస్తుంది. వందలు వేలవుతాయి. ఆ నల్లని మేఘం ఒకసారి చాపలా పరుచుకుంటుంది. నడుము సన్నబడి డమరుకంలా మారుతుంది. మరుక్షణంలో బోర్లించిన గంపలా గుండ్రమవుతుంది. దండు తల మీదుగా మలుపు తిరిగితే వేల రెక్కల హోరు జోరువానను తలపిస్తుంది. ఇంత వేగంలోనూ ఒక పక్షి మరో పక్షిని ఢీకొని నేల రాలడం కనిపించదు. పొద్దు పూర్తిగా గుంకే సమయానికి దండు మొత్తం తుమ్మ చెట్లలోకి జారిపోతుంది. కాసేపు కిచకిచలు వినిపిస్తాయి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

ఇవి గులాబీ గోరింకలు. ఆంగ్లంలో రోజీ స్టార్లింగ్ అంటారు. తెలుగు పల్లెల్లో ఈ దృశ్యం కొత్తది కాదు. జొన్న పండించిన ప్రతి ఊరికీ ఈ పక్షి పరిచయమే. అయితే వేల పక్షులు ఒక్క ప్రాణిలా ఎలా మలుపు తిరుగుతాయన్న ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం దొరికింది మాత్రం గత రెండు దశాబ్దాల్లోనే. ఆ సమాధానం పక్షుల గురించే కాదు, వాటి వల్ల నష్టపోయే రైతు గురించి కూడా ఆలోచింపజేసేదిగా ఉంది.

మూడు నెలలు అక్కడ.. మిగిలిన కాలం ఇక్కడ

గులాబీ గోరింక మన ఇళ్ల చుట్టూ తిరిగే గోరువంకకు దగ్గరి బంధువు. పరిమాణంలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. తల, మెడ, రెక్కలు, తోక నిగనిగలాడే నలుపు. వీపు, పొట్ట లేత గులాబీ రంగు. తల మీద వెనక్కి వాలిన జుట్టు ఉంటుంది. పిల్ల పక్షులు మాత్రం మట్టి రంగులో సాదాగా కనిపిస్తాయి.

తూర్పు ఐరోపా నుంచి కజకిస్థాన్, చైనా పశ్చిమ ప్రాంతమైన షిన్‌జియాంగ్ దాకా విస్తరించిన పచ్చిక మైదానాలు వీటి పుట్టిళ్లు. మే, జూన్ మాసాల్లో అక్కడి రాళ్ల గుట్టల సందుల్లో వేల సంఖ్యలో ఒకేచోట గూళ్లు కడతాయి. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలను ఎగరనేర్పి జులై నాటికి ఆ పని ముగిస్తాయి. వెంటనే దక్షిణానికి బయలుదేరతాయి. వాయవ్య సరిహద్దు మీదుగా భారతదేశంలో ప్రవేశించి గుజరాత్, దక్కను, తమిళనాడు మీదుగా శ్రీలంక వరకు వ్యాపిస్తాయి. ఏప్రిల్, మే నాటికి తిరుగుముఖం పడతాయి. అంటే ఏడాదిలో ఎక్కువ కాలం ఇవి మన గడ్డ మీదే గడుపుతాయి. అతిథి పక్షులని పిలుస్తున్నా, పుట్టినింట కన్నా మెట్టినింట ఉండే రోజులే ఎక్కువ.

తెలుగునాట వీటికి పలిస అనే పేరు ఉన్నట్లు పాత పక్షిశాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి. బ్రిటిషు కాలపు పుస్తకాలు ఈ పక్షిని జొన్న పక్షి అని కూడా వ్యవహరించాయి. పాలు పోసుకుంటున్న జొన్న కంకులపై ఇవి వాలే తీరు వల్లనే ఆ పేరు వచ్చింది.

ఆలోచనల బదిలీ అనుకున్నారు

గోరింకల జాతి పక్షులు సాయంత్రం వేళ చేసే ఈ విన్యాసం ప్రపంచంలో అనేక చోట్ల కనిపిస్తుంది. ఐరోపాలోని సాధారణ స్టార్లింగ్‌లు ఇందుకు ప్రసిద్ధి. డెన్మార్క్ నైరుతి ప్రాంతంలోని చిత్తడి నేలల్లో వసంత, శరదృతువుల్లో లక్షల పక్షులు ఒకేసారి లేచి సూర్యుడిని కప్పేస్తాయి. అక్కడి ప్రజలు ఆ దృశ్యాన్ని నల్ల సూర్యుడని పిలుచుకుంటారు.

ఇంత పెద్ద దండుకు ఆజ్ఞలు ఇచ్చేదెవరు? చాలాకాలం పాటు ఇది అంతుచిక్కని ప్రశ్నగా మిగిలింది. ముందుండే పక్షి నాయకుడై నడిపిస్తుందని కొందరు భావించారు. కానీ ఒక్క మలుపుతో ముందున్న పక్షి పక్కకు, పక్కనున్నది వెనక్కి వెళ్లిపోతుంది. నాయకుడిగా ఏ ఒక్క పక్షీ నిలకడగా కనిపించదు. ఇంగ్లండ్‌కు చెందిన పక్షి పరిశీలకుడు ఎడ్మండ్ సెలస్ ఏళ్ల తరబడి ఈ దండులను గమనించి, పక్షుల మధ్య ఆలోచనలు నేరుగా బదిలీ అవుతున్నాయేమోనన్న అనుమానం వ్యక్తం చేశారు. 1931లో ఆయన ఆ విషయంపై పుస్తకమే వెలువరించారు. మరో వివరణ తోచకపోవడమే దానికి కారణం.

సమాధానానికి దారి చూపింది పక్షిశాస్త్రం కాదు, కంప్యూటర్. 1987లో అమెరికాకు చెందిన క్రెయిగ్ రెనాల్డ్స్ కంప్యూటర్ తెరపై బొమ్మ పక్షులను సృష్టించి వాటికి మూడే మూడు నియమాలు పెట్టారు. పక్కవారిని తాకరాదు. పక్కవారు వెళ్లే దిక్కుకే వెళ్లాలి. పక్కవారికి మరీ దూరం కారాదు. నాయకుడు లేడు, ముందుగా గీసిన దారీ లేదు. అయినా ఆ బొమ్మ పక్షులు అచ్చంగా దండులా సాగాయి, అడ్డు వస్తే విడిపోయాయి, మళ్లీ కలిశాయి. ఆ తర్వాత సినిమాల్లో గబ్బిలాల గుంపులను, జంతువుల మందలను చూపించడానికి ఇదే పద్ధతి ఉపయోగపడింది. అయితే అది తెర మీది బొమ్మ. నిజమైన పక్షి కూడా అలాగే నడుచుకుంటుందా అన్నది తేలాలి.

రోమ్ మేడపై కెమెరాలు

ఆ పని ఇటలీ భౌతిక శాస్త్రవేత్తల చేతుల మీదుగా జరిగింది. చలికాలంలో ఉత్తర ఐరోపా నుంచి లక్షల స్టార్లింగ్‌లు రోమ్ నగరానికి చేరుకుంటాయి. పగలంతా చుట్టుపక్కల పొలాల్లో, ఆలివ్ తోటల్లో మేసి, సాయంత్రానికి నగరంలోని చెట్ల మీదికి వస్తాయి. పల్లె కంటే నగరం కాస్త వెచ్చగా ఉండటం ఇందుకు ఒక కారణం. రోమ్ ప్రధాన రైల్వే స్టేషన్ ఎదుట ఉన్న పాత భవనం ఒకటి ఇప్పుడు పురావస్తు ప్రదర్శనశాల. 2000 దశకం మధ్యలో దాని మేడపై శాస్త్రవేత్తలు కెమెరాలు అమర్చారు. మన రెండు కళ్లు ఒకే వస్తువును వేర్వేరు కోణాల నుంచి చూసి దూరాన్ని అంచనా వేసినట్లే, దూరదూరంగా ఉంచిన కెమెరాలు ఒకే క్షణంలో తీసిన చిత్రాలను పోల్చి, వేల పక్షుల్లో ప్రతి ఒక్కదాని స్థానాన్నీ లెక్కగట్టారు. ఆండ్రియా కవాన్యా, ఐరీన్ జార్డీనా, జార్జియో పారిసి ఈ బృందంలో ముఖ్యులు. సంక్లిష్ట వ్యవస్థలపై చేసిన కృషికి పారిసి 2021లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

2008లో వెలువడిన వారి ఫలితం శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరిచింది. దండులో ఎన్ని వేల పక్షులున్నా, ప్రతి పక్షీ పట్టించుకునేది తనకు దగ్గరగా ఉన్న ఆరు లేదా ఏడు పక్షులనే. అవి ఎంత దూరంలో ఉన్నాయన్నది దానికి ముఖ్యం కాదు. ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యం.

ఈ తేడా చిన్నదిగా అనిపించినా దండు ప్రాణం అందులోనే ఉంది. మీటరు దూరంలో ఉన్నవారినే పట్టించుకోవాలన్నది నియమమైతే, డేగ దూకినప్పుడు పక్షులు చెదిరి దూరమైన వెంటనే బంధం తెగిపోతుంది. దండు ముక్కలవుతుంది. ఏడుగురు పొరుగువారు అన్నది నియమమైతే, ఆ ఏడుగురూ మీటరు దూరంలో ఉన్నా పది మీటర్ల దూరంలో ఉన్నా బంధం సాగుతుందే తప్ప తెగదు. అందుకే దండు చెదిరినట్లే చెదిరి మళ్లీ కూడుకుంటుంది.

వరి నాట్లు వేసే మడిలోకి చూస్తే ఇది సులువుగా బోధపడుతుంది. వరుసగా వంగి నాటే కూలీలు మడి మొత్తాన్ని చూడరు. అటూ ఇటూ ఉన్నవారితో సమంగా అడుగు వెనక్కి వేస్తారు. అయినా సాలు వంకర పోదు. దండులోని పక్షికి కుడి ఎడమలతో పాటు పైన, కింద కూడా పొరుగువారుంటారు. తేడా అంతే.

ఏడే ఎందుకన్న ప్రశ్నకూ జవాబు వెతికారు. రోమ్ బృందం సేకరించిన సమాచారాన్నే 2013లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి పరిశీలించారు. తక్కువ మందిని గమనిస్తే దండు నిలవదు. ఎక్కువ మందిని గమనించాలంటే పక్షికి శ్రమ పెరుగుతుంది. శ్రమకూ ఫలితానికీ సరిగ్గా తూకం కుదిరే సంఖ్య ఆరు, ఏడు దగ్గరే ఉన్నట్లు తేలింది.

అర సెకనులో అందరికీ వార్త

దండు మలుపు తిరిగే తీరును 2014లో అదే బృందం మరింత వేగవంతమైన కెమెరాలతో పరిశీలించింది. మలుపు అన్ని పక్షుల్లో ఒకేసారి పుట్టదు. ఒక అంచున కొద్ది పక్షులు ముందుగా తిరుగుతాయి. పక్కవి వాటిని చూసి తిరుగుతాయి. ఆ వార్త సెకనుకు 20 నుంచి 40 మీటర్ల వేగంతో దండు అంతటా పాకుతుంది. పక్షులు ఎగిరే వేగం కంటే ఇది చాలా ఎక్కువ. దాదాపు 400 పక్షుల గుంపు మొత్తం మలుపు అందుకోవడానికి పట్టే సమయం అర సెకను పైచిలుకు మాత్రమే. గట్టు మీద నిలబడిన మనిషి కంటికి అది ఏకకాలంలో జరిగినట్లే తోస్తుంది. సెలస్ ఆలోచనల బదిలీ అనుకున్నది నిజానికి ఇదే.

వార్త దారిలో వాడిపోకపోవడం మరో విశేషం. ఒకరి చెవి నుంచి మరొకరి చెవికి చేరే కబురు ఊరు దాటేసరికి రూపం మారిపోతుంది. పక్షుల దండులో అలా జరగదు. దండు ఎంత పెద్దదైనా ఒక చివర జరిగిన మార్పు ప్రభావం మరో చివర దాకా చేరుతోందని 2010లోనే వెల్లడైంది.

దండులో ఒక చివర నుంచి మరో చివరకు నల్లని అలలు పరుగెత్తడం కూడా చూసేవారిని ఆకట్టుకుంటుంది. పక్షులు అక్కడ దగ్గరగా చేరడం వల్ల అలా కనిపిస్తుందని అనుకునేవారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్ నమూనాతో వేరే కారణం చూపారు. ప్రమాదం పసిగట్టిన పక్షి ఒక్కసారి పక్కకు ఒరిగి తప్పుకుంటుంది. ఒరిగినప్పుడు దాని రెక్కల వెడల్పు కిందివారికి పూర్తిగా కనిపించి నల్లగా తోస్తుంది. ఆ ఒరగడం పొరుగు నుంచి పొరుగుకు పాకితే అదే అల.

ఈ కొలతలన్నీ ఐరోపా స్టార్లింగ్‌లపై జరిగినవి. గులాబీ గోరింక వాటికి సమీప బంధువు. సాయంత్రం పూట చేసే విన్యాసంలోనూ వాటినే పోలి ఉంటుంది.

డేగ కంటికి కుదురు లేకుండా

చూసేవారికి ఇది వేడుక. పక్షికి మాత్రం ప్రాణరక్షణ. రాత్రి బసకు చేరే వేళ డేగలు అక్కడే మాటు వేస్తాయి. ఒంటరి పక్షిని వెంటాడి పట్టడం వాటికి సులువు. వేల పక్షులు కలిసి మెలికలు తిరుగుతుంటే ఏ ఒక్కదాని మీదా చూపు నిలవదు. వేయి కళ్లు కాపలా కాయడం వల్ల ముప్పు కూడా ముందే తెలుస్తుంది. పదివేల పక్షుల్లో ఒకటి పోయినా, ఆ ఒకటి తానే అయ్యే అవకాశం ప్రతి పక్షికీ పదివేలలో ఒక వంతే. రోమ్‌లో పెరిగ్రిన్ డేగలు ఎక్కువగా దాడి చేసే చోట దండులు మరింత దట్టంగా ముడుచుకుంటున్నట్లు పరిశీలనల్లో తేలింది. దండు నుంచి విడివడిన పక్షికే ముప్పు ఎక్కువ.

జొన్న రైతు గోడు

దండు ఇచ్చే ఈ రక్షణే జొన్న రైతుకు కష్టం తెచ్చిపెడుతోంది. ఒక్క పిచ్చుక వాలితే పిడికెడు గింజలు పోతాయి. వేల గోరింకలు వాలితే కంకులు బోడిగా మిగులుతాయి. పాలు పోసుకునే దశ నుంచి గింజ గట్టిపడే దాకా చేనుకు కాపలా తప్పదు. అందుకే చేను నడుమ మంచె, చేతిలో వడిసెల, పక్కన రేకు డబ్బా మన పల్లెల్లో తరతరాలుగా ఉన్నాయి. తెల్లవారుజామున మంచె ఎక్కినవారు ఎండ ముదిరే దాకా దిగేవారు కాదు.

ఇప్పుడు మెరిసే రిబ్బన్లు, టపాసుల మోతలు, రికార్డు చేసిన అరుపులు వచ్చాయి. కానీ ఒకే మోత ఒకేచోట రోజూ వినిపిస్తే పక్షులు దానికి అలవాటు పడతాయి. చప్పుడు ఎటు నుంచి, ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడే అది పనిచేస్తుంది. మంచె మీది మనిషి చేసేది సరిగ్గా అదే. ఒక అంచున రాయి పడితే అక్కడి కొద్ది పక్షులు లేస్తాయి. వాటిని చూసి పొరుగువి, వాటిని చూసి మరికొన్ని లేచి దండు మొత్తం చేను విడుస్తుంది. రోమ్‌లో కెమెరాలు పట్టిన లెక్క మంచె మీది రైతుకు అనుభవంలో ఉన్నదే.

అయితే మంచెలు తగ్గడానికి కారణం కూలీల కొరత ఒక్కటే కాదు. ఒకప్పుడు ఊరి పొలిమేర నుంచి పొలిమేర దాకా జొన్నే ఉండేది. పత్తి, మొక్కజొన్న విస్తరించిన కొద్దీ జొన్న కుంచించుకుపోయింది. తిండి కోసమో పశువుల చొప్ప కోసమో ఒకరిద్దరు రైతులు ఎకరమో రెండెకరాలో వేస్తున్నారు. లెక్క ఇక్కడే మారుతోంది. ఒక దండు రోజుకు బస్తా గింజలు తింటుందని అనుకుందాం. ఆ బస్తా వంద ఎకరాల్లో పోతే ఎవరికీ పెద్దగా తెలియదు. రెండెకరాల్లోనే పోతే వారం తిరిగేసరికి రైతుకు మిగిలేది చొప్పే. దండు నుంచి విడివడిన పక్షి డేగకు చిక్కినట్లే, పత్తి చేల నడుమ ఒంటరిగా మిగిలిన జొన్న చేను గోరింకలకు చిక్కుతోంది. పిట్టల బాధ పడలేక ఆ ఒక్కరూ మానేస్తే, మరుసటి ఏడు పక్క ఊళ్లో మిగిలిన చేనుపై భారం ఇంకా పెరుగుతుంది.

పక్షుల బెడద ఉన్న ప్రాంతాల్లో రైతులంతా దాదాపు ఒకే సమయంలో విత్తుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచించడం ఇందుకే. అన్ని చేలూ ఒకేసారి కంకి వేస్తే నష్టం పంచుకుపోతుంది. అందరికన్నా ముందు పండిన చేను, అందరి తర్వాత పండిన చేను ఎక్కువగా దెబ్బతింటాయి. పక్కపక్క కమతాల వారు కలిసి ఒకే చెలకలో జొన్న వేసుకుంటే కాపలా కూడా కలిసివస్తుంది. ఒక్క మంచె నాలుగు చేలకు సరిపోతుంది. పిట్ట ప్రాణం కాపాడుకునేందుకు అనుసరించే సూత్రమే ఇక్కడ పంటను కాపాడుతుంది.

మిడతలకు యముడు

గులాబీ గోరింకను కేవలం పంట దొంగగా చూడటం సరికాదు. పుట్టింట ఉన్నంత కాలం దాని ప్రధాన ఆహారం మిడతలే. పిల్లలకు పెట్టేదీ అవే. మిడతలు విజృంభించే పచ్చిక బయళ్లకు ఈ పక్షులను రప్పించేందుకు షిన్‌జియాంగ్‌లో 1980వ దశకం నుంచి రాళ్లు పేర్చి కృత్రిమ గూళ్లు కట్టిస్తున్నారు. పురుగుమందుతో పని తగ్గించుకోవడం దాని ఉద్దేశం.

మన దగ్గర కూడా ఇవి గింజలతో పాటు మిడతలను, గొంగళి పురుగులను ఏరుకుని తింటాయి. మర్రి, రావి పండ్లను తిని విత్తనాలను దూర ప్రాంతాలకు చేరవేస్తాయి. మాఘ, ఫాల్గుణ మాసాల్లో మోదుగ, బూరుగు చెట్లు పూసినప్పుడు మకరందం కోసం గుంపులుగా వాలతాయి. ఆ సమయంలో వాటి నుదుటికి అంటిన పుప్పొడి చెట్టు నుంచి చెట్టుకు చేరి పరాగ సంపర్కానికి తోడ్పడుతుంది.

బస లేకుంటే దండు లేదు

ప్రపంచ స్థాయిలో గులాబీ గోరింకకు ప్రస్తుతం అంతరించే ముప్పు లేదు. అయితే సంఖ్య ఎక్కువగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేమని దాని బంధువు చరిత్ర హెచ్చరిస్తోంది. ఐరోపాలో ఊరూరా కనిపించిన సాధారణ స్టార్లింగ్ బ్రిటన్‌లో 1970వ దశకం తర్వాత సగానికి పైగా తగ్గిపోయింది. 2002 నుంచి అక్కడ అత్యంత ఆందోళనకర పక్షుల జాబితాలో ఉంది. పచ్చిక బయళ్లలో పురుగులు తగ్గిపోవడం కారణాల్లో ఒకటని భావిస్తున్నారు.

దండుకు రెండు వసతులు కావాలి. పగలు మేత, రాత్రి బస. మేత కోసం అవి పది ఊళ్లు తిరగగలవు. బస మాత్రం అందరికీ ఒకేచోట కావాలి. చెరువు శిఖంలోని తుమ్మలు, జమ్ము పొదలు, గట్టు మీది పాత చెట్లు అలాంటి తావులు. నీరు, ముళ్లు చుట్టూ ఉండటంతో పిల్లులు, పాములు తేలికగా చేరలేవు. చెరువు పనుల పేరుతో పొదలన్నీ ఒకేసారి నరికేస్తే ఆ సాయంత్రం వచ్చిన దండుకు వాలే చోటు ఉండదు. ముళ్లచెట్లు తొలగించక తప్పని చోట ఏప్రిల్ తర్వాత, పక్షులు తిరిగి వెళ్లాక ఆ పని పెట్టుకోవచ్చు. ఒక మూలనైనా కొన్ని చెట్లు మిగల్చవచ్చు.

దండును చూడాలనుకునే వారికి ఖర్చేమీ లేదు. చలికాలంలో పొద్దు గుంకడానికి అరగంట ముందు చెరువు గట్టుకు చేరుకుంటే చాలు. బస చెట్లకు దూరంగా, చప్పుడు చేయకుండా నిలబడాలి. టపాసులు, ప్రకాశవంతమైన లైట్లు వాడరాదు. చీకట్లో లేచిన దండు మళ్లీ కుదురుకోవడం కష్టం.

మంచె మీద నిలబడిన రైతుకు, గట్టు మీద నిలబడిన పిల్లవాడికి ఆ దండు ఒకేలా కనిపించదు. ఒకరికి అది రెండెకరాల పంట, మరొకరికి వేడుక. ఆకాశంలో తిరిగేది మాత్రం ఒకే లెక్క. వేల పక్షుల్లో ఏదీ దండును నడపడం లేదు. ప్రతిదీ తన ఏడుగురు పొరుగువారిని విడవకుండా ఎగురుతోంది. ఒంటరిగా మిగిలిన జొన్న చేనుకు కావలసిందీ పక్కన మరికొన్ని జొన్న చేలే.